ఆకాశానికి ఎంక్వైరీ

2006 నవంబరు 3, శుక్రవారం

మా గ్రేసు సెలెక్టయింది! దేవునికి స్తోత్రం, వెయ్యి స్తోత్రాలు, లక్ష స్తోత్రాలు! ఆకాశాన్ని వినే ఉద్యోగం! ఎక్కడో మహారాష్ట్ర కొండల మధ్య, ఇళ్ళంతేసి డిష్‌లున్న చోట, రెండేళ్ళు. ఈ భూమ్మీద కాకుండా ఇంకెక్కడైనా మాట్లాడేవాళ్ళున్నారా అని చెవి పెట్టి కూర్చోవడమే పని. దానికి జీతం కూడా ఇస్తారట!

గూడెం ప్యాసింజరు దిగి వచ్చి, చెప్పులు విప్పకుండానే చెప్పింది. నాకు ఏడుపాగలేదు. ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు లాగి లాగి మొద్దుబారిన చేతులు ఇవి. ఏడో క్లాసు దాటలేదు నేను. నా కూతురు కాలేజీలో ఫిజిక్సు చెబుతోంది, అదే ఎక్కువనుకున్నాను. ఇప్పుడు ఏకంగా ఆకాశం!

అయితే ఒకటి… ఖాయం కాదట ఇంకా. పైవాళ్ళు మళ్ళీ ఒకసారి ఆలోచించుకుని నెలాఖరుకి ఆర్డరు పంపుతారట. అంతవరకూ ఎవరితోనూ అనొద్దు నాన్నా అంది.

అనను. మా ఆవిడ మార్తకి తప్ప.

నవంబరు 4, శనివారం

టీకొట్టు సూర్రావుకి చెప్పేశాను.

టీ గ్లాసు చేతికిస్తూ "ఏంటి రత్నంగారూ, పొద్దున్నే మొహం అలా వెలిగిపోతోంది?" అంటే ఎలా ఆగడం?

విన్నాడు. పాలగిన్నెలో గరిటె ఆపేశాడు. "అయితే పైవాళ్ళ సంబంధం వచ్చిందన్నమాట. వాళ్ళల్లో కూడా కులాలుంటాయంటారా?" కొట్టంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక నవ్వు పోయింది. పోయిన ఏడు ఏలూరు సంబంధం ఎందుకు వెనక్కి పోయింది? "అమ్మాయి గ్రహాలవాళ్ళతో మాట్లాడుతుందటగా" అని ఎవరో చెప్పారట. దాని ముందు పెదవేగి సంబంధం… అదీ అదే మాట. ఎవరు మోశారు ఆ మాట? పిల్లని చూడబోయే ముందు వాకబుకి వచ్చినవాళ్ళు ఎవరైనా ఆగేది సూర్రావు కొట్టు దగ్గరే.

ఛ. పిల్ల పుట్టకముందు నుంచి స్నేహం. కానీ…

నవంబరు 5, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరుగారు భుజం మీద చెయ్యి వేశారు. "బైబిల్లో లేనివాళ్ళ కోసం వెతుకులాటేంటి బ్రదర్?"

"వినడమేనండీ. పిలవరు."

"వింటే ఆగుతారా? తర్వాత పిలుస్తారు."

అదీ నిజమే. ఇంతకీ ఆయనకెవరు చెప్పారు? సూర్రావు చర్చికి రాడు. మార్తని అడిగితే, "ప్రార్థన చెయ్యమన్నానండీ, అంతే" అంది. అంతేనట.

నవంబరు 6, సోమవారం

గ్రేసు గదిలో కంప్యూటరు ముందు కూర్చున్నాను చాలాసేపు. తెరమీద రంగుల గీతలు లేస్తున్నాయి, పడుతున్నాయి. ఎక్కడో పెద్ద డిష్ పట్టిన ఆకాశపు శబ్దాన్ని ముక్కలు చేసి, ఫోను లైను మీద ప్రపంచంలో అడిగినవాళ్ళ ఇళ్ళకల్లా పంపుతారట. మనింటికొచ్చిన ముక్కని మన కంప్యూటరు జల్లెడ పడుతుంది. ఎవరైనా కావాలని చేసిన చప్పుడేమైనా ఉందా అని. ఏళ్ళ నుంచీ గ్రేసు దానికి ఈ పని పెడుతోంది. కాలేజీ లాబులో కూడా ఖాళీ వేళల్లో ఇదే.

"ఇంతవరకూ ఏమైనా దొరికిందామ్మా?"

"లేదు నాన్నా."

"ఒక్కటి కూడా?"

"వెతికింది ఎంతని? కొల్లేట్లో ఒక చెంబు ముంచి, చేపలు లేవనగలమా?"

కరెంటు పోయింది. గీతలు పోయాయి. పిల్ల మొహంలో మాత్రం ఏమీ పోలేదు.

నవంబరు 7, మంగళవారం

ఈవేళ తెలిసిన సంగతి వింటే ఎవరికైనా గుండె ఆగుతుంది. నా చిన్నతనం దాటిన కొత్తల్లోనే, రాకెట్ల మీద రేకులు అంటించి పంపారట. వాటి మీద మనం ఎక్కడుంటామో దారి గీశారట! సూర్యుడు ఇక్కడ, మేం ఇక్కడ అని. ఎవర్ని అడిగి? ఆ రేకు ఎవరి చేతిలో పడుతుందో, వాళ్ళు ఏం తింటారో, ఎలాంటివాళ్ళో… తెలియదు కదా. రేకు మీద ఒక మగమనిషి, ఒక ఆడమనిషి బొమ్మ కూడానట. బట్టల్లేకుండా. ఇది మార్తకి చెప్పలేదు.

ఆ తర్వాత ఇంకో రాకెట్‌లో రికార్డు పంపారట. దాన్లో లోకంలోని భాషలతో పాటు తెలుగులో కూడా పలకరించారట ఎవరో! ఒళ్ళు పులకరించింది నాకు. వెంటనే అనుమానం కూడా వచ్చింది. ఏ జిల్లావాళ్ళో? "అండీ" అన్నారా లేదా? కొత్తవాళ్ళతో మొదటి మాటలోనే మర్యాద తప్పితే ఎలా?

"ముందు మాట్లాడకూడదమ్మా. ముందు వినాలి. ఎవరు, ఎలాంటివాళ్ళు, ఇంట్లో ఎంతమంది… అన్నీ పక్కనుంచి తెలుసుకున్నాకే మన గుమ్మం చూపించాలి. సంబంధానికి ఎంక్వైరీ చెయ్యమూ?" అన్నాను.

గ్రేసు పడీ పడీ నవ్వింది. "సరిగ్గా అదే నాన్నా నా ఉద్యోగం. ఆకాశానికి ఎంక్వైరీకి వెళ్తున్నాను."

నవంబరు 9, గురువారం

ఎర్రబండి. నీలం హెల్మెట్. షూ.

సూర్రావు కొట్టు దగ్గర ఆగి, "లెక్చరరమ్మాయి ఇల్లేదండీ" అన్నాడట. వాళ్ళ నాన్నగారు ఏం చేస్తారు, అమ్మాయి ఎలాంటిది, ఊళ్ళో అందరితో ఎలా ఉంటుంది… టీ తాగుతూ అన్నీ అడిగాడట. మన ఇంటి ముందు నుంచి మెల్లగా పోయి, చెరువు దాకా వెళ్ళి, తిరిగి మెల్లగా వచ్చాడట.

ఎవరు? గవర్నమెంటువాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన దగ్గర్నుంచీ కొత్తమనిషి కనపడితే సర్వేవాడనుకుంటోంది ఊరు. కానీ సర్వేవాడికి పిల్ల సంగతెందుకు? పేపరతనా? పేపరతనైతే ఫొటో తీస్తాడు. పోలీసా? షూ మెత్తటిదట.

సూర్రావే తేల్చాడు. "ఇంకేంటండీ, ఎంక్వైరీ! నేను చెప్పాల్సింది చెప్పాన్లెండి. బంగారం లాంటి పిల్ల, కాలేజీ తప్పితే గడప దాటదు, ఊరొదిలి ఉండలేదు అని."

నిజంగా అలాగే చెప్పాడా? లేక ఆ పాత మాట కూడా చెప్పాడా? వాడి కళ్ళల్లోకి చూశాను. గ్లాసులు కడుగుతున్నాడు.

నవంబరు 10, శుక్రవారం

వచ్చాడు! మన ఇంటికే వచ్చాడు!

గ్రేసు కాలేజీకి పోయింది. నేనూ మార్తా. హెల్మెట్ తీసి నమస్కారం పెట్టాడు. నలభై ఉంటాయి. పెళ్ళికొడుకు అన్నగారై ఉండాలి, లేదా బావగారు. "మా అత్తగారిది గూడెమండీ, సెలవు మీద వచ్చాను. అమ్మాయి విషయం కొంచెం…" అంటుంటే, "తెలుసండీ, తెలుసండీ, ముందు కూర్చోండి" అన్నాను. ఎంక్వైరీకి వచ్చినవాళ్ళని మీరెవరని అడక్కూడదు. ఎక్కణ్ణుంచని అడక్కూడదు. తెలియనట్టే కాఫీ ఇవ్వాలి. మా నాన్న అలాగే చేశాడు, నేనూ అంతే.

మార్త తెలివి చూడాలి! నేను మాటల్లో పెట్టేలోగా గదిలోకి పోయి కంప్యూటరు మీద దుప్పటి కప్పేసింది.

"అమ్మాయికి ఈ ఆకాశం పని మీద బాగా ఇష్టమేనాండీ?" అన్నాడు.

అదిగో. వచ్చేశాడు అసలు సంగతికి. రెండు సంబంధాలు ఎక్కడ విరిగాయో అక్కడికే.

"అబ్బే, కాలక్షేపమండీ! పైన ఎవరున్నారండీ, ఎవరూ లేరు. దానికీ తెలుసు."

"మరి ఉద్యోగం కోసం రెండేళ్ళు దూరంగా అంటే…" సూర్రావు అదీ చెప్పేశాడన్నమాట.

"వెళ్తే కదండీ! పెళ్ళి కుదిరిందా, అక్కడితో సరి. మధ్యలో కుదిరినా వదిలేసి వచ్చేస్తుంది. మా పిల్ల మా మాట జవదాటదు."

మార్త తలుపు చాటునుంచి, "వంట బాగా చేస్తుందండీ" అంది.

తల ఊపాడు. కాఫీ సగం వదిలేశాడు. పంచదార ఎక్కువైందా? వెళ్ళేటప్పుడు మొహం అదోలా ఉంది. సంతోషం కాదు, కోపం కాదు. ఏదో పోగొట్టుకున్నవాడిలా.

నేను తప్పుగా ఏమన్నాను? ఒక ఆడపిల్ల తండ్రి అనేవే అన్నాను. ఉద్యోగం ఎక్కడికి పోతుంది, ఆర్డరొచ్చాక నెమ్మదిగా వాళ్ళకి చెప్పుకుంటాం కదా. ఇదీ కావాలి, అదీ కావాలి నాకు. రెండు మంచి వార్తలు ఒకే నెలలో! దేవుడు ఇవ్వాలనుకుంటే రెండూ ఇస్తాడు.

అయినా ఆ సగం కాఫీ…

నవంబరు 11, శనివారం

మార్త ఏలూరు వెళ్ళింది, వాళ్ళక్క ఇంటికి. వారం రోజులు అక్కడ ప్రార్థన మీటింగులు. కొత్త చీర కట్టుకుంది. "సంబంధం సంగతి నోరు జారకు" అన్నాను. "నేనెందుకంటానండీ" అంది.

ఆ నవ్వు చూస్తే నమ్మకం కలగలేదు.

నవంబరు 13, సోమవారం

అయిపోయింది.

గ్రేసు మధ్యాహ్నమే వచ్చేసింది. ఆ డిష్‌లవాళ్ళ దగ్గర్నుంచి కాలేజీకి ఫోను వచ్చిందట. "మీ ఇంట్లోవాళ్ళకి ఇష్టం లేనట్టుంది, మీకూ దీని మీద నమ్మకం లేనట్టుంది. నిదానంగా ఆలోచించుకుని చెప్పండి" అన్నారట. నిదానంగా అంటే వద్దనడమేనట.

"ఎవరో మనింటికి వచ్చారట కదా నాన్నా."

"వచ్చారమ్మా, పెళ్ళివారు…"

"పెళ్ళివారు కాదు. ఆ డిష్‌ల దగ్గర పనిచేసే ఆయన. ప్రకాశరావుగారు. అత్తగారింటికి గూడెం వచ్చి, పనిలో పనిగా మనల్ని చూసి వెళ్దామని వచ్చారు. ఆయన చెప్పే మాట మీదే ఉంది అంతా. మీరు ఎవరండీ అని అడగలేదా?"

"అడక్కూడదు కదమ్మా."

నా వంక చూసింది. తిట్టినా బాగుండేది. గదిలోకి పోయి, కంప్యూటరు మీద దుప్పటి ఇంకా అలాగే ఉంటే, తీసి మడత పెట్టింది. మడత మీద మడత. చాలాసేపు.

తనెవరో తెలుసా అని ఆయన నన్నడగలేదు. నేను తెలుసండీ తెలుసండీ అంటే, నిజంగా తెలుసనుకున్నాడు. మర్యాద ఆయన్నీ నన్నూ ఇద్దర్నీ ముంచింది.

నవంబరు 14, మంగళవారం

ప్రార్థన కుదరలేదు. గ్రేసు అన్నం వండిపెట్టి, తను తినకుండా కాలేజీకి పోయింది.

నవంబరు 15, బుధవారం

"గూడెం వెళ్ళి ఆయనతో మాట్లాడతాను" అన్నాను.

"వద్దు నాన్నా. నేనే పంపాననుకుంటారు. ఇంకా అనుమానం."

నిజమే. అయినా వెళ్తాను. పిల్ల కాలేజీలో ఉన్న వేళ చూసి వెళ్తాను.

నవంబరు 16, గురువారం

గూడెం వెళ్ళాను. ఉల్లిపాయల మార్కెట్టు వెనక వీధి. అడుగుతూ అడుగుతూ పోతే దొరికింది ఇల్లు. ఎర్రబండి బయటే ఉంది. ఆయన లేరు, భార్యతో చినతిరుపతి కొండకి వెళ్ళారట. అత్తగారూ మామగారూ ఉన్నారు.

నేనింకా నోరు తెరవకముందే కుర్చీ వేశారు. మంచి కుర్చీ. కాఫీతో పాటు జంతికలు. మామగారు నా పేరడగలేదు, ఊరడగలేదు. ఎందుకొచ్చానని కూడా అడగలేదు! ఆవిడ మాత్రం, "మా రెండోదండీ, బి.కాం. గడప దాటదు. కుట్లూ అల్లికలూ అన్నీ వచ్చు" అంటూ మొదలుపెట్టింది. లోపల గదిలో గాజుల చప్పుడు.

అప్పుడర్థమైంది నాకు. వీధి చివర కిళ్ళీకొట్టు దగ్గర "ఫలానా వాళ్ళు ఎలాంటివాళ్ళండీ, ఇంట్లో ఉంటారా" అని అడిగాను కదా, నా కంటే ముందే కబురు చేరిపోయింది. నేను ఎంక్వైరీ మనిషినయిపోయాను!

"అమ్మా, నేను ఆ పని మీద రాలేదండీ" అన్నాను. నమ్మలేదు. "అయ్యో, తెలుసండీ, జంతికలు తీసుకోండి" అంది. తెలుసట! ఆ రోజు ప్రకాశరావుగారికి నా ఎదురుగా ఎలా ఉండి ఉంటుందో, ఆ కుర్చీలో కూర్చుంటే తెలిసింది. ఎంత చెప్పినా వినే చెవి ఉండదు ఎదుట.

సాయంత్రం వచ్చారు ఆయన, గుండుతో, లడ్డూల సంచితో. నన్ను చూసి ఆగిపోయారు. లేచి నిలబడ్డాను.

"బాబూ, ఆ రోజు నేనన్నదంతా అబద్ధమండీ. మిమ్మల్ని పెళ్ళివారనుకున్నాను. మా పిల్లకి ఆ పనంటే ప్రాణం. వెళ్తుంది. ఉంటుంది. మధ్యలో రాదు."

ఆయన లడ్డూల సంచి అత్తగారికిచ్చి వచ్చి, నెమ్మదిగా అడిగారు. "ఏది అబద్ధమనుకోవాలండీ? అప్పటిదా, ఇప్పటిదా?"

నా స్థానంలో ఎవరున్నా ఇదే అంటారు, అప్పుడూ ఇప్పుడూ.

మంచి మనిషి. కూర్చోబెట్టి చెప్పారు. ఇంతకుముందు చేర్చుకున్నవాళ్ళు ఇద్దరు మధ్యలో వెళ్ళిపోయారట, ఇంట్లో పెళ్ళి కుదిర్చారని. అలా ఒకరు వెళ్ళిపోయినప్పుడల్లా వాళ్ళు నెలల తరబడి విన్నదంతా ఎవరికీ అర్థంకాకుండా పడి ఉంటుందట. అందుకే అడగడానికి వచ్చారట. "నేను విన్నది చెప్పేశానండీ. ఇప్పుడు మీరన్నదీ చెప్తాను. కానీ నా మాట ఒక్కటే సరిపోదిప్పుడు. ఇంకెవరినైనా పంపుతారు, లేదా ఫోను చేస్తారు. ఎవరన్నది నాకూ చెప్పరు."

వచ్చేటప్పుడు ఉండబట్టలేక అడిగేశాను. "నిజంగా ఉన్నారంటారాండీ, పైన?"

"తెలియదండీ."

ఇంత చదివినాయన తెలియదన్నాడు. ఎందుకో ఆ మాటకి ధైర్యమొచ్చింది. అబద్ధం చెప్పే మనిషి కాదు.

నవంబరు 17, శుక్రవారం

గ్రేసుకి చెప్పాను, గూడెం వెళ్ళానని. కోపగించుకుంటుందనుకున్నాను. జంతికల దగ్గరికొచ్చేసరికి నవ్వేసింది. ఈ వారంలో మొదటి నవ్వు.

తర్వాత తలొంచుకుని, "నాన్నా, మీకు నిజంగా ఇష్టమేనా నేను వెళ్ళడం? ఆర్డరు కోసం కాదు. నాకు చెప్పండి" అంది.

ఇష్టమే అన్నాను. నా వంక అలాగే చూసింది, అప్పటిదా ఇప్పటిదా అన్నట్టు.

నవంబరు 18, శనివారం

ఇప్పుడు ఎవరు కనపడినా అనుమానమే. పొద్దున సైకిలు మీద దుప్పట్లమ్మేవాడు వచ్చాడు. మన భాష కాదు. మహారాష్ట్రవాడేమో! కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "చూడు బాబూ, మా అమ్మాయి తప్పకుండా వెళ్తుంది, నాకూ ఇష్టమే, మా ఆవిడకీ ఇష్టమే, పైన ఎవరైనా ఉండొచ్చు కూడా" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

అంతా విని, "దుప్పటి కావాలా, వద్దా?" అన్నాడు.

కొన్నాను.

సూర్రావు దగ్గరికెళ్ళి నిలదీశాను, పాత సంబంధాలవాళ్ళకి ఆ గ్రహాల మాట నువ్వే చెప్పావా అని. గ్లాసు కింద పెట్టాడు. "చెప్పానండీ. గొప్ప కోసం చెప్పాను. మా ఊళ్ళో ఇలాంటి పిల్ల ఉందని. వాళ్ళు అలా తీసుకుంటారనుకోలేదు." కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళూ నేను అనుమానపడ్డది నిజమే, కానీ నేను అనుకున్నట్టు కాదు.

"ఈసారి ఎవరడిగినా ఏమనమంటారు రత్నంగారూ?"

"ఉన్నదున్నట్టు చెప్పు. గడప దాటుతుందని చెప్పు."

నవంబరు 19, ఆదివారం

మధ్యాహ్నం ఏలూరు నుంచి మా వదిన, అదే మార్త అక్క, ఫోను. "పెళ్ళెప్పుడు మరిదిగారూ? అబ్బాయి గూడెంవాళ్ళటగా, మంచి కుటుంబమట!" మార్త అందరికీ చెప్పేసింది. మీటింగుల్లో నిలబడి, దేవుడిచ్చిన సంబంధమని సాక్ష్యం కూడా చెప్పిందట. డిష్‌లవాళ్ళు పంపినవాళ్ళెవరో ఎప్పుడో వాళ్ళల్లో ఒకళ్ళని అడుగుతారు. వాళ్ళు సంతోషంగా "పెళ్ళి కుదిరిందండీ" అంటారు. ఆ మాటతో పిల్ల చెవి శాశ్వతంగా ఆకాశం నుంచి తెగిపోతుంది.

అందరికీ చెప్పాలి. ఈవేళ నుంచే.

ఏలూరు వదిన. పెళ్ళి లేదు, ఉద్యోగం ఉంది. ఎవరడిగినా అదే చెప్పమనాలి. పక్కింటికి కూడా ఆవిడే చెప్పుకోవాలి, వాళ్ళకి మోసింది ఆవిడే.

పెద్దబావ దానియేలు, భీమడోలు. చెవుడు. ఫోనులో కుదరదు, మనిషిగా వెళ్ళాలి.

చెల్లి సువార్త, పెదవేగి. పామాయిల్ తోటలో పనికెళ్తుంది, సాయంత్రమే దొరుకుతుంది. ఏడుస్తుంది. ఏడవనివ్వాలి.

తమ్ముడు ఆనందం, గూడెం. వాడు ముందు నవ్వుతాడు, తర్వాత అందరికంటే గట్టిగా చెప్తాడు.

పాస్టరుగారు చుట్టం కాదు కానీ, చుట్టాలందరికంటే ఎక్కువమందికి తెలుసు. ఆయనకి ఎలా చెప్పాలో…

మార్త. అయిదింటి బస్సుకి దిగుతుంది. పెళ్ళి కుదిరితే పిల్ల ఇక్కడే గూడెంలోనే ఉంటుందని ఆవిడ సంతోషం. ఆయన పెళ్ళివారి మనిషి కాదని చెప్పగలను. పిల్ల నిజంగానే వెళ్ళిపోతుంది, మనం నిజంగానే వెళ్ళమనాలి, రేపు ఎవరైనా వచ్చి నీ కళ్ళల్లోకి చూసి "మీకిష్టమేనా అమ్మా" అనడిగితే నువ్వు నిజంగానే అవుననాలి అని… అది ఎలా చెప్పాలి మార్తకి?